దుర్గము, ముట్టడి: ఒకే యేట వెలువడిన రెండు గ్రంథములు

1967లో అమెరికాయందు ఆటిజమును గూర్చి రెండు ప్రసిద్ధ గ్రంథములు వెలువడినవి. ఒకటి షికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన ఆర్థోజెనిక్ పాఠశాల నిర్వాహకుడు బ్రూనో బెటెల్‌హైమ్ రచించిన ‘ది ఎంప్టీ ఫోర్ట్రెస్’, అనగా శూన్యదుర్గము. రెండవది క్లారా క్లెయిబోర్న్ పార్క్ అను ఆంగ్లసాహిత్యోపాధ్యాయిని తన నాల్గవ బిడ్డను గూర్చి వ్రాసిన ‘ది సీజ్’, అనగా ముట్టడి. రెండు పేళ్లును యుద్ధరంగము నుండియే వచ్చినవి. ఇద్దరును బిడ్డను కోటలోపలనే చూచిరి. అయితే ఆ కోట కెవరు కారణము, దాని వెలుపల నిలిచినది మిత్రుడా శత్రువా అనుచోట దారులు చీలినవి. ఒక రూపకము శాస్త్రముగా చెలామణి యగునపుడు దాని మూల్యము నెవరు చెల్లింతురో ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చదివినచో తెలియును.

అసలు ఆటిజమను మాటయే ఒక రూపకము. గ్రీకు భాషలో ‘తాను’ అను నర్థమిచ్చు పదమునుండి స్విట్జర్లాండు మనోవైద్యుడు బ్లాయ్లర్ దానిని కల్పించి, స్కిట్జోఫ్రేనియాలోని ఒక లక్షణమునకు వాడెను. 1943లో లియో కానర్ తాను పరీక్షించిన 11 మంది పిల్లల స్థితికి ఆ మాటనే ఎన్నుకొనెను. హిందీలోని ‘స్వలీనత’ ఆ భావమునకే అనువాదము. తనలో తాను లీనమైనవాడనగానే భారతీయ పాఠకునకు యోగియో, అలిగి తలుపు మూసికొనినవాడో స్ఫురించును. తెలుగు ఆంగ్లపదమునే నిలుపుకొనినది. ఈ పట్టున అది మేలే. కానర్ ఈ స్థితి పుట్టుకతోనే వచ్చినదని చెప్పియు, తల్లిదండ్రులలో ఆప్యాయత కొరవడినదని కూడ వ్రాసెను. తరువాతివారు పలువురు ఆ రెండవ మాటనే పట్టుకొనిరి.

వారిలో బెటెల్‌హైమ్ అగ్రగణ్యుడు. వియన్నాలో సౌందర్యశాస్త్రమున పట్టము పొందినవాడు. 1938–39లో నాజీల డాఖౌ, బుకెన్‌వాల్డ్ నిర్బంధశిబిరములలో గడిపినవాడు. ఆశ యుడిగిన బందీలను కన్నులార చూచినవాడగుటచే, మాటాడని బిడ్డలోను ఆ బందీనే చూచెను. బిడ్డ బందీయైనచో కాపలాదారు డెవడు? ఉపమానము నడిచినకొలది ఈ ప్రశ్న తప్పదు. ఆయన జవాబు కూడ దాచలేదు: బిడ్డ లేకున్న బాగుండునను తల్లిదండ్రుల కోరికయే మూలమనెను. జోయీ అను బాలుని కథ గ్రంథమున కెల్ల ఆకర్షకమైనది. ఆ బాలుడు భోజనమునకు ముందు లేని తీగను నేలపై పరచి, లేని విద్యుత్తుతో తన్ను తాను కలుపుకొనును. నిద్రలో తన్ను బ్రతికించుటకు మంచమునకు అట్టలతోను తీగలతోను యంత్రమును కట్టుకొనును. ఇంతవరకు వర్ణన అద్భుతము. లోపము దాని తరువాతనే కలదు. ప్రతి చేష్టకును ఒక అర్థము, ప్రతి అర్థమునకును తల్లి నిర్లక్ష్యమే హేతువు.  నవలలో ఇట్టి పొందిక గుణమే. రోగచరిత్రలో అది సందేహింపదగినది. అంతకు మూడేండ్ల ముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్లాండ్ ఈ స్థితికి మూలము శరీరధర్మమున నున్నదని వాదించియుండెను. అయినను పాఠకలోకము చక్కగా చెప్పిన కథనే నమ్మినది. 1990లో బెటెల్‌హైమ్ మరణించిన పిమ్మట, పాఠశాలలో ఆయన పిల్లలను కొట్టెడివాడని పూర్వవిద్యార్థులు కొందరు బయటపెట్టిరి. కాని ఈ గ్రంథమును కాదనుటకు ఆ వార్తయే అక్కరలేదు; దాని వాక్యములే చాలును.

పార్క్ గ్రంథమున సిద్ధాంతము తక్కువ, చూపు ఎక్కువ. ఎల్లీ అను మారుపేరుతో ఆమె తన కూతురు జెస్సికా తొలి యెనిమిదేండ్లను వ్రాసినది. బిడ్డ వస్తువును కోరదు. పెద్దల చేతిని పనిముట్టువలె పట్టి దానివైపు నడుపును. మాటలు వచ్చిన పిదప తన్ను ‘నీవు’ అని చెప్పుకొనును. బెటెల్‌హైమ్ ఇందు ‘నేను’ అను భావమునే తిరస్కరించుటను చూచెను. పార్క్ చూచినది సరళము: బిడ్డ వినినదానిని వినినట్లే నేర్చినది, అందరును ఆమెను ‘నీవు’ అనియే పిలుతురు కదా! తెలుగు బోధకున కిది మరింత స్పష్టము. ఇచట సర్వనామమే కాదు, క్రియ కూడ మారవలెను. ‘అన్నం తింటావా?’ అను ప్రశ్నకు ‘తింటావు’ అని బదులిచ్చు బిడ్డ ఎదురు చెప్పుట లేదు, ఒప్పుకొనుచున్నది. ఆ మాటను పెంకితనమని పుస్తకమున వ్రాసిన ఉపాధ్యాయుడు బెటెల్‌హైమ్ దారినే పోవుచున్నాడు. సికింద్రాబాదులో 1984లో జాతీయసంస్థ వెలసినది. 2016 నాటి చట్టము ఆటిజమును 21 వైకల్యములలో నొకటిగా గుర్తించినది. చట్టము పేరు నీయగలదు గాని, బిడ్డను గూర్చి వాక్యము వ్రాయునది ఉపాధ్యాయుడే. ‘మొండి’, ‘అల్లరి’ అనునవి తీర్పులు. ఏ వేళ, ఏ శబ్దమునకు, ఎంతసేపు చెవులు మూసికొనెనో చెప్పునది వర్ణన. పార్క్ వ్రాతలో ఈ రెండవజాతి వాక్యములే అధికము.

అట్లని ముట్టడి అను రూపకము నిర్దోషమైనదని కాదు. ప్రేమతో చేసినను ముట్టడి ముట్టడియే. లోపలనున్న దానికి లొంగుటయే గతి. 1993లో జిమ్ సింక్లెయిర్ ‘డోంట్ మౌర్న్ ఫర్ అజ్’ అను వ్యాసమున, స్వయముగా ఆటిజము గలవాడై, ఆటిజము వెనుక దాగిన మామూలు బిడ్డ లేడని ప్రకటించెను. లోపల బందీయే లేనిచో కోటయు లేదు, ముట్టడియు లేదు.

ఆ వాదమువైపునకు పార్క్ కూడ కొంత జరిగినట్లు 2001 నాటి రెండవ గ్రంథము తెలుపును. అందు కూతురికి అసలు పేరే ఉంచినది. ‘ఎక్జిటింగ్ నిర్వాణ’ అను శీర్షిక మాత్రము భారతీయుల చెవికి పొసగదు. నిర్వాణము పొందినవాడు వెలికి వచ్చుట యేమి? అయినను గ్రంథమందలి జెస్సికా చిత్రములు ఆ కొరతను తీర్చును. బెటెల్‌హైమ్ గ్రంథమునను జోయీ బొమ్మలు కలవు. అచట ప్రతి గీతయు మరియొకదానికి ప్రతీక. ఇచట జెస్సికా రంగురంగుల ఇండ్లను చిత్రించినది. తల్లి వానిని ఇండ్లుగానే చూచి, ఏ కిటికీ కే రంగు వేసినదో చెప్పినది.