గ్రీన్‌స్టెడ్ కొయ్య చర్చి : ఐతిహ్యము, కాలనిర్ణయము

ఇంగ్లండునందలి ఎసెక్సు మండలమున, చిపింగ్ ఆంగర్ పట్టణమునకు పడమట సుమారొక మైలు దూరమున గ్రీన్‌స్టెడ్ అను పల్లె కలదు. అచటి చిన్న చర్చి నేడు నిలిచియున్న కొయ్య చర్చిలలో మిక్కిలి ప్రాచీనమని ప్రసిద్ధి వడసినది. ఆ ప్రసిద్ధికి మూలమైన ఐతిహ్యమును కట్టడపు సాక్ష్యముతో పోల్చి చూచుట మా యుద్దేశము.

869లో డేనులచే చంపబడిన ఎడ్మండు రాజు పునీతుడుగా పూజింపబడెను. డేనుల దాడులకు వెఱచి ఆయన కాయమును 1010లో లండనునకు చేర్చిరి. 1013లో దానిని బరీ మఠమునకు మరల కొనిపోవుచు త్రోవలో ఈ చర్చియందు ఉంచిరని ఐతిహ్యము. దీనినిబట్టి నేటి గోడలు అప్పటికే యున్నవని పలువురు తలచిరి.

ఇక కట్టడమును చూతము. తూర్పు భాగము సుమారు 1500 నాటి ఇటుక పని. పడమటి గోపురమును తరువాతిదే. ప్రాచీనమైనవి మధ్యశాల గోడలు మాత్రమే. ఓక్ దుంగలను నిలువున చీల్చి, వెలుపలి వైపు గుండ్రముగనే విడిచి, లోవైపు చదునుచేసి, వరుసగా నిలిపిరి. దుంగల అంచులందు గాడులు తీసి, వానిలో సన్నని బద్దలు చొప్పించి సందులు మూసిరి. 1848లో జీర్ణోద్ధారణము చేసినవారు అడుగున కుళ్ళిన భాగమును కోసివేసి, దుంగలను ఇటుక దిమ్మెపై నిలిపిరి.

ఈ కొయ్యలోని వార్షిక వలయములను లెక్కించి మొదట 845 ప్రాంతమని నిర్ణయించిరి. 1995లో జరిగిన పరిశీలన దానిని త్రోసివేసినది. మిగిలిన వలయములలో కడపటిది 1053 నాటిదని తేలెను. దుంగల పైపొర పోయినందున దానికి 10 మొదలు 55 ఏండ్లు చేర్పవలెను. అనగా చెట్లను నరికినది 1063, 1108 సంవత్సరముల నడుమ. 1013లో ఈ గోడలు లేవు.

అట్లయిన ఐతిహ్యము అసత్యమా? కాదని మా యభిప్రాయము. దీనికి ఆధారమైన ప్రాచీన లేఖనమున గ్రీన్‌స్టెడ్ పేరు లేదు. ఆంగర్ పేరే కలదు. పునీతుని కాయము అచట విడిది చేసినదనియు, ఆయన స్మృత్యర్థమై కొయ్య మందిరమొకటి అచట నిలిచియున్నదనియు మాత్రమే అందు చెప్పబడినది. స్మృతిమందిరము విడిదికి తరువాతిదే కావలెను గదా! ఇప్పటి గోడలలోనే కాయమును ఉంచిరనుట లేఖకుని మాట కాదు, తరువాతివారి యూహ. 1960 నాటి త్రవ్వకములలో తూర్పు భాగపు నేలక్రింద అంతకు పూర్వపు రెండు కొయ్య కట్టడముల జాడలు బయల్పడినవి. కావున స్థలము ఐతిహ్యముకంటె ప్రాచీనమే కావచ్చును. గోడలు మాత్రము దానికి అర్వాచీనములు.

వలయగణనము ఐతిహ్యమును ఖండింపలేదు. దానిని తొందరపడి చదివినవారిని ఖండించినది. మన స్థలపురాణములను పరిశీలించునపుడును ఈ వివేకము అవసరము. స్థలము వయస్సు వేరు, కట్టడము వయస్సు వేరు. ఈ రెంటిని కలిపివేసినచో పురాణమునకును, శిల్పమునకును కూడ అన్యాయము చేసినవారమగుదుము.