గబ్బిలమునందలి క్రీస్తుభక్తి

పట్టిసీమయొద్ద గోదావరి నడుమ, దేవకూటాద్రిపై వీరభద్రస్వామి వెలసియున్నాడు. మొన్న సాయంకాలము మేము రేవున పడవకై వేచియుండగా గబ్బిలములు కొన్ని నీటిమీదుగా ఆ కొండవైపు ఎగిరిపోయినవి. వాని కులమును ఎవరు నడుగరు. 1941లో వెలువడిన గుఱ్ఱము జాషువాగారి "గబ్బిలము" మాకు జ్ఞప్తికి వచ్చినది.

సంస్కృతము చదివినవారికి ఈ కావ్యపు మార్గము క్రొత్తది కాదు. మేఘసందేశమున యక్షుడు మేఘముచేత ప్రియురాలికి కబురంపెను. జాషువాగారి నాయకునికి అలకాపురి లేదు. కడుపునిండ కూడును లేదు. అతడు అస్పృశ్యుడు, శివునకు మొరపెట్టుకొనవలెనన్న గుడి గడప దాటరాదు. కావున, పూజారి లేని సమయము చూచి కాశీనాథునికి తన బ్రతుకు విన్నవింపుమని గబ్బిలమును వేడుకొనును. అపశకునమని మనము తరిమెడి జీవికి దొరకు చనువు మనుష్యునికి దొరకదు. త్రోవలోని చారిత్రక స్థలముల వర్ణనము కొన్ని తావుల ఆ మొరను మఱపించునని మాకు తోచును. అయినను దాని పదును తఱుగలేదు.

జాషువాగారు 1895లో వినుకొండయందు జన్మించిన క్రైస్తవులు. తొలినాళ్లలో మన రాజమహేంద్రవరమున మూగచిత్రములకు వ్యాఖ్యానము చెప్పి జీవించిరి; పిదప ఉపాధ్యాయులైరి. వారి "క్రీస్తుచరిత్ర"కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. వారి భక్తిని ఎఱుగగోరువారు ఆ గ్రంథమునే తెఱచుట సహజము. మేము మాత్రము "గబ్బిలము"ను తెఱువుమందుము. మొదటిదానిలో భక్తి కథగా చెప్పబడినది. రెండవదానిలో అది పరీక్షకు నిలిచినది.

యెరూషలేమునుండి యెరికోకు పోవు బాటలో దొంగలచే దెబ్బలు తిని పడియున్నవానిని యాజకుడును లేవీయుడును చూచి తొలగిపోయిరనియు, పరమతస్థుడైన సమరయుడే గాయములు కట్టెననియు క్రీస్తు చెప్పిన కథ చదువరులెఱుగుదురు. పడియున్నవాని మతమెట్టిదని సమరయుడు విచారింపలేదు. జాషువాగారును అట్లే చేసిరి. తాము క్రైస్తవులయ్యు, శివభక్తుని మొరను శివునికే చేర్చిరి. మతము మార్చుకొనుమని అతనికి బోధింపలేదు.

"ఆ గాయము కవిదే కదా, ఇందు పరోపకారమేమి?" అని కొందఱనవచ్చును. గాయము వారిదే, క్రైస్తవుడైనంతమాత్రాన అస్పృశ్యత వారిని విడువలేదు. కాని వారు తెఱువుమన్న తలుపు పరులది. ఆఱేండ్లకు, 1947లో, మద్రాసు ఆలయప్రవేశ శాసనము హిందువులలో అన్ని తెగలవారికి గుడులు తెఱచినది. క్రైస్తవులైన కవికి దానివలన స్వలాభమేమియు లేదు. తనకు ప్రయోజనములేని న్యాయమును కోరింపగలిగిన విశ్వాసమే సంఘసేవకు పునాది కాగలదని మా నిశ్చయము.

క్రైస్తవసంఘములును ఇందు గర్వింపదగినది కొంచెమే. పూర్వకులము అడిగి పెండ్లి సంబంధములు కలుపుకొనుట అచ్చటను ఉన్నది. బాప్తిస్మపు నీరు కడుగని మైల అది. ఇక మనమో, ఈ కావ్యమును సభలలో మెచ్చుకొని, ఇంటికి వచ్చి పనిమనిషికి వేఱు గ్లాసులో కాఫీ పోయుదుము. ఆ గ్లాసు మన వంటింటి అలమరలో ఉన్నంతకాలము గబ్బిలము ఇంకను ఎగురుచునే యుండును. చదువరులు పుస్తకము మూసినపిదప ఒకసారి ఆ అలమర తెఱచి చూతురుగాక.