చివరి చుక్కే ప్రాణం

2024లో తెలంగాణలో టీఎస్ పోయి టీజీ వచ్చింది. మార్పు బళ్ల నంబరు ప్లేట్లతో ఆగలేదు. సర్కారీ కొలువుల పరీక్షలు పెట్టే టీఎస్‌పీఎస్సీ కాస్తా టీజీపీఎస్సీ అయింది, వెబ్‌సైట్ల పేర్లూ మారాయి. హైదరాబాద్ అశోక్‌నగర్ రీడింగ్ హాళ్లలో నోటిఫికేషన్ల కోసం కళ్లు కాయలు కాసేలా చూసేవాళ్లు కొత్త పేరు కొట్టినా పేజీ తెరుచుకుంటోందంటే, పేరు చెప్పగానే ఐపీ చిరునామా చూపే నేమ్ సర్వర్ వెనక ఉండబట్టే. దాన్ని నిలబెట్టడం యునిక్స్ లోకంలో నలభై ఏళ్లుగా ఒకరి నుంచి ఒకరికి అందుతున్న విద్య.

తొలిరోజుల్లో నెట్‌వర్క్ పేర్లన్నీ స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఫైల్లో ఉండేవి. యంత్రాలు పెరిగేకొద్దీ ఆ ఫైలు తలకు మించిన భారమైంది. ఎవరి పేర్ల లెక్క వారే చూసుకునే పద్ధతిని 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించాడు. మరుసటి ఏడాది బర్క్‌లీలో నలుగురు విద్యార్థులు యునిక్స్ కోసం బైండ్ అనే నేమ్ సర్వర్ రాశారు. అది ఇవాళ్టికీ వాడుకలో ఉంది.

ఈ సర్వర్‌తో రెండు పనులు చేయించుకోవచ్చు. మొదటిది, బయట అడిగి తెలుసుకుని గుర్తుంచుకోవడం. పాత కంప్యూటర్‌లో డెబియన్ లినక్స్ వేసి బైండ్9 పెడితే, రీడింగ్ హాల్లో వంద ఫోన్లు ఒకే సైటు అడిగినా అది బయట ఒక్కసారి వాకబు చేసి, మిగతావాళ్లకు తన దగ్గరున్న జవాబే ఇస్తుంది. ఫలితాల రోజు అసలు సైటే మొరాయిస్తే మాత్రం ఇదేమీ చేయలేదు. ఒక జాగ్రత్త తప్పనిసరి: ఎవరి తరఫున బయట అడగాలో చెప్పే అలౌ-రికర్షన్ సెట్టింగ్ దగ్గర హాలు నెట్‌వర్క్ ఒక్కటే రాయాలి. బార్లా తెరిచి ఉంచితే ఎవరో మన సర్వర్ భుజమ్మీద తుపాకీ పెట్టి ఇంకొకరి మీద దాడి చేస్తారు.

రెండోది, సొంత పేర్లకు తానే జవాబుదారీ కావడం. ఇక్కడ పనంతా జోన్ ఫైలు అనే మామూలు టెక్స్ట్ ఫైల్లోనే. 'లైబ్రరీ.ఎగ్జాంపుల్' జోన్‌లో, నేమ్ సర్వర్ ఏదో చెప్పే ఎన్ఎస్ వరుసలో సర్వర్ పేరును 'ఎన్ఎస్1.లైబ్రరీ.ఎగ్జాంపుల్' అని రాసి చివర చుక్క మరిచామా, బైండ్ దాన్ని సగం పేరనుకుని 'ఎన్ఎస్1.లైబ్రరీ.ఎగ్జాంపుల్.లైబ్రరీ.ఎగ్జాంపుల్' చేసేస్తుంది. అలాంటి సర్వర్ ఎక్కడా ఉండదు. ఫైలు దిద్దిన ప్రతిసారీ సీరియల్ నంబరూ పెంచాలి. తేదీ పక్కన రెండంకెలు వేసి 2024060201లా రాయడం ఆనవాయితీ. పెంచకపోతే ఈ ఫైలు నకలు ఉంచుకునే రెండో సర్వర్ కొత్త మార్పును పట్టించుకోదు. అందుకే అనుభవజ్ఞులు నేమ్‌డ్-చెక్‌జోన్‌తో సరిచూశాకే రీలోడ్ చేస్తారు, తర్వాత డిగ్‌తో అడిగి చూస్తారు.

చిరునామా మార్చేటప్పుడు ఇంకో మెలకువ. జవాబును ఎంతసేపు దాచుకోవచ్చో టీటీఎల్ చెబుతుంది. అది 86400 సెకన్లయితే పాత జవాబు ఒక రోజంతా తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి ముందురోజే దాన్ని 300కు దించి, మార్పు కుదురుకున్నాక మళ్లీ పెంచుతారు.

ఈ పేర్ల పద్ధతిలోనే తెలుగూ ఇమిడింది. 2011లో డాట్ భారత్ తెలుగు లిపిలోనూ వచ్చింది. సర్వర్‌కు మాత్రం అది 'ఎక్స్ఎన్--ఎఫ్‌పీసీఆర్‌జే9సీ3డీ'గానే కనిపిస్తుంది. అక్షరాలను అలా మార్చే పని బ్రౌజర్‌ది కనుక, పాత సర్వర్లను తిరగరాయాల్సిన అవసరం రాలేదు.

పేరు మార్చినవాళ్ల బాధ్యత కొత్త పేరు పెట్టడంతో తీరదు. చిక్కడపల్లి గ్రంథాలయంలో, నారాయణగూడ పుస్తకాల షాపుల్లో పాత గైడ్ల మీద పాత సైటు పేరే అచ్చయి ఉంటుంది. అచ్చయినదాన్ని ఎవరూ దిద్దలేరు. జోన్ ఫైల్లో పాత పేరుకూ ఒక వరుస ఉంచి, దాన్ని కొత్త సైటుకు మళ్లించడం మాత్రం అడ్మినిస్ట్రేటర్ చేతిలో పనే.