ఋత్విక్: రెండక్షరాల పనితనం

ఖమ్మం అమ్మాయి గద్దె రుత్విక శివాని 2016 దక్షిణాసియా క్రీడల ఫైనల్లో పి.వి. సింధును ఓడించి బ్యాడ్మింటన్ స్వర్ణం గెలిచింది. హైదరాబాదు కుర్రాడు బొల్లిపల్లి రిత్విక్ చౌదరి 2024లో అర్జున్ కఢేతో కలిసి అల్మాటీ ఓపెన్ టెన్నిస్ డబుల్స్ టైటిల్ కొట్టాడు. ఇంగ్లీషులో ఆమె పేరుకు ‘యూ’, ఇతని పేరుకు ‘ఐ’. రెంటికీ మూలం ఒక్కటే: ఋత్విక్.

సుబ్బారావులూ వెంకటేశ్వర్లూ ఇంటింటా ఉన్న కాలంలో ఈ మాట యాగశాల దాటి ఉయ్యాల దాకా రావడం అరుదు. యజ్ఞం జరిపించేవాళ్లు ఋత్విజులు. ఋగ్వేదం మొదటి మంత్రంలోనే అగ్నికి ఇది విశేషణం. ‘ఋతు’ అంటే తగిన కాలం, ‘యజ్’ అంటే యజించడం. వేళెరిగి యజ్ఞం చేసేవాడు ఋత్విక్కు. రెండు ముక్కలూ అతుకు కనపడకుండా కలిసిపోయాయి.

మగపిల్లాడి పేరుకు ఆపస్తంబ గృహ్యసూత్రం కొన్ని కొలతలు చెప్పింది. అక్షరాలు రెండో నాలుగో ఉండాలి. ముందు నామం, వెనక క్రియ రావాలి. నడుమ య, ర, ల, వలలో ఒకటి ఉండాలి. చివర దీర్ఘమో విసర్గో ఉండాలి. ఋత్విక్‌ను ఈ కొలతలకు పెట్టి చూడండి. పొల్లును వదిలేస్తే అక్షరాలు రెండు. ముందు ఋతువు, వెనక యజించడం. నడుమ వకారం. తప్పింది చివరి కొలత ఒక్కటే. పేరు కకారప్పొల్లుతో ఠక్కున ఆగుతుంది. హల్లుతో ముగిసే మాట తెలుగు నోటికి ఇమడదు కనక అమ్మమ్మలు ఆ పొల్లును ఒత్తి, ఉకారం తగిలించి ‘రుత్విక్కూ’ అని పిలుస్తారు. అలా దీర్ఘం కూడా వచ్చి చేరుతుంది!

ఆడపిల్లకు అదే సూత్రం బేసి అక్షరాలు చెప్పింది. ఋత్విక మూడక్షరాలు. నిజానికి మూలరూపం ఋత్విజ్. వ్యాకరణం పట్టుకుని కూర్చుంటే ఋత్విక అన్న రూపం కుదరదు. ఈ కాలపు తల్లిదండ్రులు చివర ఒక అకారం చేర్చి తయారుచేసుకున్న పేరది. అయినా చెవికి ఎక్కడా అడ్డు తగలదు.

అసలు చిక్కంతా మొదటి అక్షరంతో. ఋకారం తెలుగు నోట ‘రు’, హిందీ నోట ‘రి’. నక్షత్ర పాదాల అక్షరాల్లో చిత్త నాలుగో పాదానికి ‘రి’, ఆ వెంటనే స్వాతి మొదటి పాదానికి ‘రు’ వస్తాయి. ధ్వనినే లెక్కలోకి తీసుకుంటే ఇదే పేరు హిందీవాళ్లకు చిత్తలో, మనకు స్వాతిలో పడుతుంది. ఉచ్చారణ మారితే నక్షత్రం మారుతుంది కానీ రాశి మారదు. రెండూ తులలోనే ఉన్నాయి.

రెండో చిక్కు తకారం. ఇంగ్లీషులో ఉత్తరాదివాళ్లు ఉత్త ‘టీ’ రాస్తారు. మనం ‘టీ’ని ట కోసం అట్టిపెట్టుకుని, త కోసం పక్కన ‘హెచ్’ చేరుస్తాం. స్వాతి, గీత, లత అన్నిటిలోనూ ఇదే పద్ధతి. దీన్ని వెక్కిరించేవాళ్లున్నారు గానీ, ఇంత జాగ్రత్త పడనిచోట ఏం జరుగుతుందో ఎర్రగడ్డ మెట్రో స్టేషను బోర్డే చెబుతుంది. అక్కడ గడ్డకు రెండు ‘డీ’లు, శివాని ఇంటిపేరు గద్దెకూ రెండు ‘డీ’లే. తెలుగు రానివాళ్లకు ఏది డ్డ, ఏది ద్ద అన్నది తేలదు. రిత్విక్ చౌదరి పేరులోనైతే ఉత్తరాది ‘ఐ’, దక్షిణాది ‘టీహెచ్’ పక్కపక్కనే కాపురం చేస్తున్నాయి.

జనన ధ్రువపత్రంలో పేరు చేర్చడానికి ఏడాది దాకా రుసుము లేదు, ఆలస్య రుసుముతో పదిహేనేళ్ల దాకా గడువుంది. అక్కడ పడిన స్పెల్లింగే బడికీ పాస్‌పోర్టుకీ వెళుతుంది. అర్థం కోసం నెలల తరబడి నిఘంటువులు తిరగేసేవాళ్లు కూడా ఫారం నింపేటప్పుడు చేతికొచ్చిన అక్షరాలు రాసేస్తారు. రుత్విక అని ‘యూ’, ‘హెచ్’ పెట్టి రాసినవాళ్లు మాత్రం ఇంట్లో పిలిచే పిలుపునే కాగితం మీదికి ఎక్కించారు. ఈ పేరులో సగం పనితనం వేదకాలానిదైతే, మిగతా సగం వాళ్లది.