అడిగేవాళ్లు ఉన్నచోట

పిట్లం లాంటి మండల కేంద్రంలో చదువు అనగానే బడి, కాలేజీ, బాన్సువాడకో నిజామాబాద్‌కో పోయే పొద్దుటి బస్సు గుర్తొస్తాయి. పదో తరగతి తప్పితే చదువు ఆగిందంటాం, కొలువు దొరికితే చదువు అయిపోయిందంటాం. ఈ నేల మీద బతకడానికి కావలసిన తెలివి మాత్రం ఆ లెక్కలోకి రాదు. తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ, లంబాడీ కలిసే సరిహద్దు ఇది. అంగట్లో ఎవరితో ఏ మాటలో బేరమాడాలో ఏ వాచకమూ చెప్పదు. జొన్న, పెసర పండిన చేలల్లోకి సోయా వచ్చింది. దాని పురుగూ కోత అదనూ చాలామందికి పక్క చేను చూసే పట్టుబడ్డాయి. దీన్ని అనుభవం అని ఒక మాట అనేసి పక్కన పెట్టడం మనకు అలవాటు. నన్నడిగితే ఇదీ చదువే, ఒక్క షరతు మీద: నేర్చినదాన్ని నిలదీసే తోటివాళ్లు చుట్టూ ఉండాలి. ఆ నిలదీత లేకపోతే అనుభవం ఒట్టి అలవాటుగా మిగులుతుంది.

ఇందుకు సాక్ష్యం దూరాన లేదు. లోక్‌సభ ఓట్లప్పుడు పిట్లాన్ని తనలో కలుపుకునే జహీరాబాద్ వైపు, పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తోంది. ఊరూరా ఉన్న దాని మహిళా సంగాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు, బడి ముఖం చూడనివాళ్లే చాలామంది. వాళ్ల పని విత్తనం దాచడం. వినడానికి చిన్న పనే. కానీ విత్తనానికి కంకిని కోత కాకముందే, చేను నిలబడి ఉండగానే ఎంచాలి. బాగా ఎండబెట్టాలి, బూడిద, వేపాకు కలపాలి, పేడతో అలికిన గంపలో మూత పెట్టాలి. ఏ కొర్ర ఎర్రనేలకు ఆగుతుంది, ఏ జొన్న పక్కన కంది బాగుంటుంది అన్నది ఒకరి తలలో ఉంటే చాలదు. ఏటా సంక్రాంతి నాడు బయల్దేరే పాత పంటల జాతరలో ఆ విత్తనాలు ఎడ్లబండ్లెక్కి ఊరూరూ తిరుగుతాయి. ప్రతి ఊళ్లో బండి ఆగుతుంది, మాట మొదలవుతుంది. ఒకరి లెక్కను ఇంకొకరు కాదనే వీలు అక్కడ ఉంది. పరిశోధన కేంద్రాల్లో సెమినార్ అనే మాటకు అర్థమూ ఇదేననుకుంటా, టీ బిస్కెట్లు తప్ప. 2008 అక్టోబరు 15న మాచనూరులో మొదలైన సంగం రేడియోను నడుపుతున్నదీ ఈ స్త్రీలే. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

అక్షరం రాకపోవడాన్ని అందంగా చూపిస్తున్నారని ఎవరైనా అనొచ్చు. న్యాయమైన మాటే. మందు డబ్బా మీది హెచ్చరిక, బ్యాంకు కాగితంలోని వడ్డీ వేలిముద్రకు కనబడవు. అయితే అక్షరం ఎక్కడ నిలబడిందో కూడా చూడాలి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా సాక్షరతా ఉద్యమంలో దూబగుంట ఆడవాళ్లు రాత్రిబడికి వచ్చింది ఓనమాలకే. అక్కడ సారా గురించి మాట పుట్టింది, దుకాణం మూతపడింది, ఆ కథే మళ్లీ పాఠమై వేరే ఊళ్లకు పోయింది. 1993 అక్టోబరుకల్లా అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అక్షరాలు దిద్దించి సంతకం రాగానే పేరు కొట్టేసిన కేంద్రాల్లో ఆ చదువు ఏడాది తిరక్కుండా ఎందుకు చెరిగిపోతుందో దీన్ని బట్టే ఊహించుకోవచ్చు. చదివినదాని మీద మాట్లాడుకునే మనుషులు లేకపోతే అక్షరం దేనికి పనికొస్తుంది?

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. సమాజం నేర్పేది విత్తనం సంగతి ఒక్కటే కాదు. ఎవరు గడప దాటొద్దో, ఏ బావిలో చేద వేయొద్దో కూడా అదే నేర్పింది, ఎంతో శ్రద్ధగా, తరాల పాటు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆ పాఠాన్ని చాలామందికి మొదట కాదని చెప్పింది సర్కారు బడేనని ఒప్పుకోవాలి. అయినా, నేర్పే హక్కు చేతులు మారినప్పుడు అదే సమాజం వేరే పాఠం చెప్పగలదని జహీరాబాద్ గంపలు చూపించాయి. విత్తనం ఎవరి ఇంట్లో ఉందో ఆ ఇంటికే అడిగేవాళ్లు నడిచి రావాలి కదా.

ఆ రేడియో పిట్లం దాకా వినబడదు. ఇక్కడున్నది రైతుల సమావేశాలకని సర్కారు ఇచ్చిన రైతు వేదిక. సుమారు ఐదు వేల ఎకరాలకు ఒకటి చొప్పున తెలంగాణలో 2,601 కట్టారు. గోడలున్నాయి, కరెంటుంది, 2024 నుంచి వీడియో తెర మీద శాస్త్రవేత్తలు కూడా కనిపిస్తున్నారు. మంచిదే. కానీ తెర మాట్లాడుతుంది, మనుషులు వింటారు. చివర్లో ఒకరిద్దరికి మైకు అందుతుంది. నిరుడు సోయా ఎందుకు దెబ్బతిన్నదో పక్కూరి రైతు చెప్పి, కాదని ఇంకొకరు లేచి, వాళ్లలో కౌలు చేసే ఆడమనిషి కూడా ఉండి, తేలని సంగతి వ్యవసాయ విస్తరణాధికారి రాసుకుపోయి మళ్లీ వారం జవాబుతో రావాలి. వేదిక మీది కుర్చీలు కిందికి దించి గుండ్రంగా వేయడానికి జీవో ఏమీ అక్కర్లేదు.