‘మాలపల్లి’లో ధైర్యం ఎవరిది?

ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ గురించి మాట్లాడితే ముందుగా వచ్చే మాట రామదాసు సహనం. భూమి పోయినా, కొడుకులు పోయినా చలించని మనిషి అని తరగతి గదుల్లో చెప్తారు. సహనం ధైర్యమే కావచ్చు. కానీ మాలవాడి ధైర్యమంటే ముందుగా సహనమే ఎందుకు గుర్తుకు రావాలి? ఈ ప్రశ్న వేసుకోకుండా ఆ నవలని మన వైపు నుంచి చదివినట్టు కాదు.

ఒప్పుకోవాల్సింది ముందు ఒప్పుకుందాం. 1922లో అచ్చయిన ఈ నవల మాల కుటుంబాన్ని కథ నడిబొడ్డున నిలబెట్టింది. పాలేర్ల సమ్మెని సాహిత్యంలోకి తెచ్చింది. తెల్ల ప్రభుత్వం నిషేధించేంత భయం పుట్టించింది. అది చిన్న పని కాదు.

అయినా ధైర్యాన్ని ఆ నవల ఎలా పంచిందో చూడండి. సంగదాసుది నీతి ధైర్యం. కూలీల పక్షాన నిలబడతాడు, చెయ్యెత్తడు, చౌదరయ్య దెబ్బకి చచ్చిపోతాడు. వెంకటదాసుది ఒంటి ధైర్యం. తక్కెళ్ళ జగ్గడై ఉన్నోళ్ళని దోచి లేనోళ్ళకి పెడతాడు. అతనికీ నీతి ఉంది, కానీ ఆ తెగువకి ఊళ్ళో చోటు లేదు. చెయ్యెత్తనివాడు హతుడు, చెయ్యెత్తినవాడు దొంగ. న్యాయం అడుగుతూనే తనని తాను కాపాడుకుని, అదే వాడలో బతికి నిలిచే మాలవాడు మాత్రం నవలలో కనపడడు. సంగదాసు చచ్చాక అతని పేరున సంస్థలు వెలుస్తాయి. బతికున్న సంగడికంటే చచ్చిన సంగడే ఊరికి పనికొచ్చాడన్నమాట!

ఆ రోజుల్లో అంతకుమించి ఎలా రాస్తారు అనొచ్చు. 1917లోనే బెజవాడ సభలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన మనవాళ్ళు పంచములం కాదు, ఆది ఆంధ్రులమని పేరు మార్చుకున్నారు. 1921లో కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనము’ రాశాడు. అడిగే గొంతు అప్పటికే ఉంది. నవల చెవిన అది పూర్తిగా పడలేదు.

నవల కలపలేని రెండు ధైర్యాల్నీ జీవితం కలిపింది. 1985 జులైలో కారంచేడులో, మాదిగలు తాగే చెరువు నీళ్ళని పాడుచేస్తుంటే అడ్డం చెప్పారు. మున్నంగి సువార్త మీదికి దెబ్బ వస్తే చేతిలో బిందె ఎత్తింది. మర్నాడు, జులై 17న, ఊరి పెత్తందార్లు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. అయినా వాడ సహనం దగ్గర ఆగిపోలేదు. చీరాలలో శిబిరం వేసింది, మహాసభ కట్టింది. సువార్త బిందెలో సంగదాసు న్యాయమూ ఉంది, జగ్గడి తెగువా ఉంది. ఆ తెగువని దొంగతనం అనడానికి మాత్రం ఎవరికీ వీల్లేదు.

మన దగ్గరికొద్దాం. అనంతసాగరం, ఆత్మకూరు, ఉదయగిరి పల్లెల్లో కూలికి పోయే ఆడవాళ్ళకి దూబగుంట పరాయి ఊరు కాదు. చదువు నేర్చుకోడానికి రాత్రిబడికి పోయిన కూలి ఆడవాళ్ళు అక్కడ సారాని అడ్డగించారు. ఆ కదలిక జిల్లా దాటి, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం తెచ్చింది. వీళ్ళ ధైర్యం ఏ రామదాసు సహనం?

‘మాలపల్లి’ని పక్కన పెట్టమని కాదు. పాఠం చెప్పే అయ్యవార్లు రామదాసు పక్కన సువార్తనీ నిలబెట్టి చెప్పాలి. అప్పుడు వాడ పిల్లలే అడుగుతారు: సంగడు చెయ్యి అడ్డం పెట్టి ఉంటే తప్పేంటి సార్, అని. దానికి జవాబు చెప్పగలిగిన రోజే ఆ నవలని చదివినట్టు.