వదలని ఎడమచెయ్యి

పురిటిబిడ్డకు నీళ్ళు పోయడం చూసేవాళ్ళకు మామూలు పనే. పీట వేసుకుని, కాళ్ళు చాపుకుని, ఆ కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టుకుని, చెంబుతో నీళ్ళు పోసి, తుడిచి, పొత్తిళ్ళలో చుట్టి తల్లి పక్కన చేర్చడం. తెలుగు ఇళ్ళలో ఇది చూడకుండా పెరిగిన ఆడపిల్లలు తక్కువ. అంత మామూలైనది కాబట్టే దాన్ని ఎవరూ పనితనం కింద లెక్కవెయ్యరు. నేత గురించి రాశారు, కొండపల్లి బొమ్మల గురించి రాశారు, ఆవకాయ కలిపే చేతి గురించి కూడా రాశారు. నీళ్ళు పోసే చేతి గురించి రాయాలని నాకు మొదటి కాన్పప్పుడు అనిపించింది. కుట్ల నొప్పితో మంచం దిగలేక, పక్కకు ఒత్తిగిలి పడుకుని, నేను రోజూ కళ్ళప్పగించి చూసింది ఆ పనినే.

రాజమండ్రిలో మా పుట్టింటి వీధిలో నీళ్ళు పోసే ఆవిడను అందరూ మామ్మ అనే పిలుస్తారు. ఆవిడ అత్తగారు మంత్రసాని. ఆ వీధిలో నడివయసు దాటినవాళ్ళలో చాలామంది ఆ అత్తగారి చేతుల్లో పుట్టినవాళ్ళే. మామ్మ కాలం వచ్చేసరికి కాన్పులు ఆస్పత్రులకు వెళ్ళిపోయాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నూటికి 96కు పైగా ప్రసవాలు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. అది మంచిదే, ఎందరో తల్లులు బతికారు. మంత్రసాని పనిలో సగం అలా ఆస్పత్రికి పోగా, ఇంటికొచ్చిన తల్లినీ బిడ్డనూ చూసుకునే సగం మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. దాని అవసరం ఇంకా పెరిగింది కూడా. అదే సర్వేలో సిజేరియన్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42, తెలంగాణలో 60 దాటాయి. కడుపు మీద కుట్లున్న బాలింత కింద కూర్చుని, వంగి, నూనె రాసిన బిడ్డను అటూ ఇటూ తిప్పగలదా?

ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ నర్సమ్మ ఉంటుంది. బిడ్డ ఏడిస్తే ఆమె చేతులు ముందుకొస్తాయి. ఇంటికొచ్చి హారతిచ్చి లోపలికి తీసుకున్నాక, చుట్టాలందరూ చూసి వెళ్ళాక, రాత్రి గదిలో తల్లీ బిడ్డా మిగులుతారు. పాలు పడి రొమ్ములు గట్టిపడుతుంటాయి, రక్తస్రావం ఆగి ఉండదు, రెండు గంటలు వరసగా నిద్రుండదు. వీటన్నిటి కింద ఒక భయం ఉంటుంది. ఈ మెడ నిలవదు, ఈ మాడు మెత్తగా కొట్టుకుంటోంది, ఈ ఒంటిని ఎక్కడ పట్టుకోవాలి? ఏమీ కాదులే అని ఎంతమంది చెప్పినా పోయే భయం కాదది. జంకు లేకుండా ఆ ఒంటిని పట్టుకునే చేతుల్ని దగ్గర నుంచి చూస్తేనే పోతుంది. మామ్మ పనిలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించింది ఇదే. ఆవిడ బిడ్డకు నీళ్ళు పోస్తుంటే నా భయం కరుగుతూ వచ్చింది.

ఇక పనిలోకి వస్తాను. బొడ్డు ఊడేదాకా మామ్మ నీళ్ళు పొయ్యదు. గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దుతుంది, అంతే. పుట్టిన 24 గంటల దాకా స్నానం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బొడ్డు పొడిగా ఉంచమని డాక్టర్లూ చెబుతారు. బొడ్డు ఊడి, ఆ చోటు ఆరాక అసలు స్నానం మొదలవుతుంది.

బిడ్డను ఎత్తుకోక ముందే సగం పని అయిపోతుంది. తలుపు వేస్తుంది, ఫ్యాన్ ఆపుతుంది. నీళ్ళు ముందే తొలిపి పెట్టుకుంటుంది. బకెట్‌లో ముందు చన్నీళ్ళు, తర్వాత వేణ్ణీళ్ళు, ఈ వరస ఎప్పుడూ మారదు. మరిగే నీళ్ళ గిన్నె గది గడప దాటి లోపలికి రాకూడదు. మోచెయ్యి ముంచి వేడి చూస్తుంది. పని చేసి చేసి గట్టిపడిన అరచెయ్యి అబద్ధం చెబుతుందంటుంది. కావలసిన దానికన్నా ఎక్కువ నీళ్ళే పెట్టుకుంటుంది, మధ్యలో లేవడం కుదరదు కనక. నూనె గిన్నె, పెసరపిండి, చెంబు, మెత్తబడిన పాత పంచె ముక్కలు, అన్నీ కుడిపక్కన, వాడే వరసలో. ఎడమపక్క ఏమీ ఉండదు.

ఎడమచెయ్యి బిడ్డది, దానికి వేరే పని లేదు. బిడ్డను ఎత్తుకున్న క్షణం నుంచి పంచెలో చుట్టేదాకా ఆ చెయ్యి బిడ్డ ఒంటి మీద నుంచి లేవదు. ఒక చోటు నుంచి ఇంకో చోటుకు జరుగుతుంది గానీ వదలదు. నూనె రాసేది కుడిచేత్తోనే. ఎడమ అరచేతికి చుక్క నూనె అంటనివ్వదు, ఎత్తుకునే ముందే అంటి ఉంటే పిండితో రుద్దుకుని, తుడుచుకుని మరీ పట్టుకుంటుంది. నూనె ఒళ్ళు, తడి ఒళ్ళు, కదిలే ఒళ్ళు, ఈ మూడూ కలిసినప్పుడు పట్టు దేని మీద నిలుస్తుందో ఆవిడకు తెలుసు. బిడ్డ మెడ తన మణికట్టు మీద ఆనుతుంది, వేళ్ళు అవతలి జబ్బ చుట్టూ, చంక దగ్గర ఉంగరం తొడిగినట్టు పట్టుకుంటాయి. ఇలా పట్టుకుంటే బిడ్డ ఎంత గింజుకున్నా జారదు, తల వెనక్కి వాలదు. ఆస్పత్రుల్లో నర్సులకు నేర్పేదీ ఇదే పట్టు. మామ్మకు అది అత్తగారి దగ్గర నుంచి వచ్చింది.

ఆ కూర్చోవడంలో కూడా ఎంతో తెలివి ఉంది. పీట ఎత్తు వల్ల తొడల దగ్గర ఎత్తుగా, మడమల దగ్గర పల్లంగా కాళ్ళు వాలుగా ఉంటాయి. రెండు కాళ్ళూ దగ్గరగా చేరిస్తే మధ్యలో పల్లం పడుతుంది, బిడ్డ వెన్ను అందులో ఇముడుతుంది. తల మడమల వైపు, కాళ్ళు తన ఒడి వైపు. తల మీద పోసిన నీళ్ళు ఆ వాలున అటే పోతాయి, ముఖం మీదకు రావు. బోర్లా తిప్పినప్పుడు గడ్డం ఎడమ మణికట్టు మీద ఆని ముక్కు గాలిలో ఉంటుంది. ఎవరూ కొలిచి తయారుచెయ్యని సాధనం, ఆడదాని రెండు కాళ్ళు.

నూనె పాదాల దగ్గర మొదలవుతుంది. అరికాలు, పిక్క, తొడ, తర్వాత పొట్ట. చెయ్యి ఒత్తిడి ఎక్కడా చర్మం దాటి లోపలికి పోదు. చేతి వేగం ఎప్పుడూ ఒకటే, రోజు రోజుకూ మారదు. నీళ్ళు కూడా ముందు పాదాల మీదే. ఎకాయెకిన రొమ్ము మీద పోస్తే బిడ్డ ఉలిక్కిపడి రెండు చేతులూ విసురుతుంది. ఆ ఉలికిపాటును వైద్యులు మోరో ప్రతిచర్య అంటారు. ఎర్న్‌స్ట్ మోరో అనే పిల్లల వైద్యుడు 1918లో దాన్ని వివరించాడు. తల వెనక్కి వాలినా, గట్టి చప్పుడైనా వచ్చేది అదే. మామ్మ ఎడమచెయ్యి ఆ సమయానికి రొమ్ము మీద ఆని ఉంటుంది, చేతులు విసరడానికి చోటుండదు. పాదాలు, మోకాళ్ళు, పొట్ట, ఒక్కో చోటూ నీళ్ళకు అలవాటు పడ్డాకే పైకి వస్తుంది. ఏడవకుండా నీళ్ళు పోయించుకునే బిడ్డను చూసి, వీడికి నీళ్ళంటే ఇష్టం అంటారు చుట్టాలు. ఆ ఇష్టం వెనక ఉన్న పని వాళ్ళకు కనపడదు.

మడతల దగ్గర ఆవిడ ఆగుతుంది. మెడ కింద, చెవి వెనక, చంక, గజ్జ, పాలూ చెమటా చేరి ఒరిసేది అక్కడే. గుప్పిలి తెరవాలంటే అరచేతిలో వేలు పెట్టదు, పెడితే బిడ్డ ఇంకా గట్టిగా బిగిస్తుంది. చేతి వెనకవైపు వేలితో నిమురుతుంది, గుప్పిలి తనంతట తనే విచ్చుకుంటుంది. నేను మొదటిసారి చూసినప్పుడు నమ్మలేకపోయాను. లోపల దూది పోగులు, ముదిరిన పాల జిడ్డు. తుడిచి వదిలేస్తుంది.

తల చివరన. అప్పుడే పుట్టిన బిడ్డ పొడవులో నాలుగో వంతు తలే. తడి తల నుంచి వేడి ఎంత తొందరగా పోతుందో చెప్పనక్కర లేదు. చలి పుడితే పెద్దవాళ్ళలా వణికి ఒళ్ళు వేడెక్కించుకోవడం పసికందుకు చేతకాదు. భుజాల మధ్య, మూత్రపిండాల చుట్టూ ఉన్న గోధుమరంగు కొవ్వును కరిగించుకుని వెచ్చదనం తెచ్చుకుంటుంది, ఆ నిల్వ కొంచెమే. కాబట్టి తల తడిసి ఉండే సమయం ఎంత తగ్గితే అంత మంచిది. మామ్మ కుడి అరచెయ్యిని నుదుటి మీద అడ్డుపెట్టి, పక్కనున్న మనిషి చేత నీళ్ళు పోయిస్తుంది. పోసేది మా అమ్మ. రెండు చెంబులు, మూడోది ఉండదు. పంచె ముక్క ముందు తల మీద పడుతుంది, ఆ తర్వాతే ఒళ్ళు. తుడవడం కాదు, అద్దడం. అంతా అయ్యాక ఒక చుక్క నీళ్ళు చేతిలోకి తీసుకుని బిడ్డ చుట్టూ తిప్పి, శ్రీరామరక్ష, నూరేళ్ళాయుష్షు అంటుంది. నాకు మంత్రాల మీద పెద్ద నమ్మకం లేదు. కానీ ఆ మాట అనేంత సేపూ ఎడమచెయ్యి బిడ్డ వెన్ను మీదే ఉంటుంది. ఆ మాట నాకు ఇష్టం.

ఆవిడ మానేసిన పనుల గురించి కూడా చెప్పాలి, పనితనంలో అదీ భాగమే. వెనకటి వాళ్ళు ముక్కు నొక్కి నిటారు చేసేవాళ్ళు, ముక్కులో చెవిలో నూనె వేసేవాళ్ళు, పసికందు రొమ్ములు పిండేవాళ్ళు, సాంబ్రాణి పొగ నిండుగా పట్టేవాళ్ళు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోయి నిమ్ము చేస్తుంది. తల్లి హార్మోన్ల వల్ల ఉబ్బిన పసి రొమ్ముల్ని పిండితే చీము పట్టవచ్చు, వదిలేస్తే వాటంతటవే తగ్గుతాయి. మామ్మ వీటిలో ఒక్కటీ చెయ్యదు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చినప్పుడు విన్నది కొంత, తను చూసినది కొంత. 2011లో మొదలైన ఇంటివద్ద నవజాత శిశు సంరక్షణ కార్యక్రమం కింద ఆస్పత్రి కాన్పయిన తల్లి ఇంటికి ఆశా 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలి. ఆ పద్ధతికి మూలం మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల పని. పల్లెటూరి ఆడవాళ్ళకు నేర్పితే పసికందుల మరణాలు బాగా తగ్గుతాయని వాళ్ళు చేసి చూపించారు. సాంబ్రాణి కావాలని మా అమ్మ అడిగితే, మామ్మ నా జుట్టుకు మాత్రం, అదీ పక్కగదిలో, కాస్త పట్టింది. బిడ్డ దగ్గరకు ఆ కుంపటి రానివ్వలేదు. పాత విద్యలో ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో చేతికే తెలియాలి. ఆవిడ చేతికి తెలుసు.

ఇది తెలుగు వాళ్ళ సొత్తు కాదు, దేశమంతా ఉన్నదే. ఫ్రాన్స్ ప్రసూతి వైద్యుడు ఫ్రెడెరిక్ లెబాయే కలకత్తాలో శాంతల అనే తల్లి, నేల మీద కాళ్ళు చాపుకుని తన బిడ్డకు ఒళ్ళు రుద్దడం చూసి ఆగిపోయాడు. ఆ ఫొటోలతో 1976లో ఆమె పేరే పెట్టి పుస్తకం వేశాడు. పసిబిడ్డలకు మర్దన అనేది యూరప్‌లో అలా పేరు తెచ్చుకుంది. 1986లో మయామిలో పరిశోధకురాలు టిఫనీ ఫీల్డ్ బృందం నెలలు నిండని బిడ్డలకు రోజుకు మూడుసార్లు పావుగంట చొప్పున ఒళ్ళు నిమిరి, కాళ్ళూ చేతులూ కదిపి చూశారు. నిమరని బిడ్డల కన్నా నిమిరిన బిడ్డలు రోజుకు 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు. ఈ రెండు సంగతులూ చదివినప్పుడు నాకు గర్వంతో పాటు కొంచెం బాధ కూడా కలిగింది. మన వీధిలో ఉన్న విద్యకు పుస్తకం వెయ్యాలని మనకెందుకు తోచలేదు?

ఇప్పుడు ఆ విద్య విమానం కూడా ఎక్కుతోంది. కూతురి పురిటికి అమెరికా వెళ్ళే అమ్మలు అక్కడి స్నానాల తొట్టిలో చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, కాళ్ళు చాపుకుని కూర్చుంటారు. పీట లేదు, పల్లం లేదు, పట్టు మాత్రం అదే. ఊళ్ళో మామ్మ అయినా అక్కడ అమ్మలైనా తోడుండేది కొన్ని నెలలే. ఆలోపు నేర్పాలి.

మామ్మ నేర్పడం కూడా ఒక పద్ధతిగానే సాగింది. కుట్లు మానే దాకా నన్ను చూడమంది, అంతే. తర్వాత పీట మీద నన్ను కూర్చోబెట్టి, తను పక్కన కూర్చుని చెంబు పట్టుకుంది. మాటలతో చెప్పింది తక్కువ. మాట్లాడుతూ మాట్లాడుతూ నేను ఎడమచెయ్యి కొంచెం సడలిస్తే, తన వేలితో నా వేళ్ళను జబ్బ చుట్టూ మళ్ళీ బిగించేది. ఒకరోజు చెంబు నా కుడిచేతి దగ్గర పెట్టి, పంచె ముక్క మడతపెట్టి పక్కన ఉంచి, లేచి నిలబడింది. "రేపు తల కూడా నువ్వే పొయ్యమ్మా. చెవి వెనకాల మర్చిపోకు. పక్కవీధిలో డాక్టరుగారమ్మాయి ఇంటికొచ్చిందట, నేను పొద్దున్నే అక్కడికి పోవాలి," అంది.